టీకా మన దగ్గరనే తయారైతది, మన దాకా ఎప్పుడొస్తది?

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ళ లెక్క మనకు నోటికొచ్చు. ఏ నదిలో మన వాటా ఎంత, కొలువుల్లో మన వాటా ఎంత అని అడిగితే ఇంటర్ చదివే పిల్లగాడు కూడా చెప్తడు. ఉద్యమం నేర్పిన చదువు అది. కానీ ఇంకొక లెక్క ఉన్నది. అది ఏ కరపత్రంలో రాలేదు, ఏ గోడ మీదా రాయలేదు. రోగం లెక్క, టీకా లెక్క, డాక్టర్ చదువు లెక్క. ఈ మూడింట్లో మన గడ్డ ఇచ్చింది ఎంత, మన ఊళ్ళకు తిరిగి వచ్చింది ఎంత? ఇయ్యాల నేను మాట్లాడేది ఆ ఒక్క ముచ్చటనే.

ముందు మనం ఇచ్చిన లెక్క చూద్దాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి మలేరియా క్రిమిని పట్టుకున్నడు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ దోమలతోని కుట్టించుకున్న జెరం మనిషి పేరు హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చిండ్రట. రాస్ పేరు మీద సంస్థలున్నయి, పాఠాలున్నయి. హుస్సేన్ ఖాన్ పేరు మీద ఏమున్నది? రాస్ గొప్పతనాన్ని నేను తక్కువ చేస్తలేను. ఆ జ్ఞానం వల్ల లోకంలో లక్షల ప్రాణాలు నిలిచినయి. కానీ విజ్ఞానం ఒంటి చేత్తోని పుట్టదు, దానికి ఒళ్ళు అప్పజెప్పినోడు కూడా ఒకడుంటడు అన్న సంగతి యాది పెట్టుకోమంటున్న.

ఇగ టీకాల సంగతికి వద్దాం. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. ప్రపంచంలో వాడే టీకాల్లో మూడో వంతు హైదరాబాద్‌లోనే తయారైతయని మన ప్రభుత్వాలు పెట్టుబడిదారుల సభల్లో చెప్పుకుంటయి. చెప్పుకోవలసిన గొప్పే. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను మన దేశంలోనే తొలిసారి జన్యు సాంకేతికతతోని తయారు చేసింది. దాని తొలి పరిశోధన ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో నడిచింది. అంటే మన యూనివర్సిటీ గోడలు ఆ టీకాకు పురుడు పోసినయి. అప్పటిదాకా విదేశాల నుంచి దిగుమతై, వందల రూపాయలు పలికిన సూది, ఆ తర్వాత సామాన్యుడు అందుకునే ధరకు దిగింది.

మరి ఆ సూది దేశంలో ప్రతి బిడ్డకూ సర్కారు ఖర్చుతోని దక్కింది ఎప్పుడు? 2002-03లో కొన్ని నగరాల్లో, కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టిండ్రు. దేశమంతటా టీకాల జాబితాలో చేరేసరికి 2011 అయ్యింది. టీకా పుట్టింది 1997లో, పేదోని బిడ్డకు హక్కయ్యింది 2011లో. నడుమ పద్నాలుగేండ్లు. ఆ పద్నాలుగేండ్లలో పైసలున్నోడు ప్రైవేటు దవాఖానకు పోయి వేయించుకున్నడు. లేనోడు జాబితాలో చేరేదాకా ఆగిండు. రోగం మాత్రం ఎవ్వరి కోసం ఆగలేదు.

ఇంకొకటి వినుండ్రి. పసిపిల్లలకు నీళ్ళ విరేచనాలు తెచ్చి ప్రాణం తీసే రోటావైరస్ మీద భారత్ బయోటెక్ చేసిన రోటావాక్ కు 2014లో అనుమతి వచ్చింది. డోసు ఒక డాలర్‌కే ఇస్తమని కంపెనీ ముందే చెప్పింది. 2016లో కేంద్రం దాన్ని టీకాల కార్యక్రమంలో మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలో నాలుగు రాష్ట్రాలున్నయి. ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. తెలంగాణ లేదు. దేశంలోని అన్ని రాష్ట్రాలకూ రోటావైరస్ టీకా చేరేసరికి 2019 వచ్చింది. దశలవారీగా ఇయ్యడానికి కారణాలుంటయి. సరఫరా సరిపోవాలె, టీకా తర్వాత పిల్లలకు ఏమైతుందో నిఘా పెట్టాలె. అవన్నీ నేను ఒప్పుకుంట. కానీ ఫ్యాక్టరీ మన భూమి మీద ఉన్నంత మాత్రాన సూది మన బిడ్డ దాకా వచ్చినట్టు కాదన్న సంగతి ఈ రెండు లెక్కలు చూస్తే తేటతెల్లమైతది. చెరువు కట్ట మీద నిలబడ్డోని పొలం పారినట్టు కాదు గదా. తూము ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న.

నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను మన జనం కోరంటి దవాఖాన అంటరు. క్వారంటైన్ అన్న మాట మన నోట్లో కోరంటి అయ్యింది. కంఠసర్పి, అదే డిఫ్తీరియాకు టీకా దశాబ్దాలుగా ఉన్నది, హైదరాబాద్‌లోనే తయారైతున్నది. అయినా 2003 నుంచి 2006 దాకా హైదరాబాద్‌లో ఆ రోగం ఎట్లా పాతుకుని ఉన్నదో చెప్పే పరిశోధన అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యింది. టీకా పుట్టే ఊర్లోనే, ఆ టీకా ఆపగలిగే రోగంతోని గొంతు మూసుకపోయి పిల్లలు కోరంటి గడప తొక్కిండ్రు. చిన్నప్పుడు మూడు సూదులు పడ్డా, తర్వాత పడవలసిన బూస్టర్లు పడకపోతే రక్షణ తగ్గిపోతది. ఆ బూస్టర్ యాది చేసేటందుకు బస్తీలో ఒక మనిషి ఉండాలె. ఫ్యాక్టరీ ఆ పని చెయ్యదు.

ఇప్పటిదాకా టీకా ఉన్న రోగాల ముచ్చట. టీకానే లేని రోగం సంగతి చెప్తా. ఇక్కడున్న విద్యార్థులు చాలామంది 2003 నాటికి పుట్టి ఉండరు. ఆ ఏడు జూన్ నుంచి ఆగస్టు దాకా మన జిల్లాల్లో, ఎక్కువగా కరీంనగర్, వరంగల్ వైపు, పిల్లలు పొద్దున జెరమని పండుకుని, ఫిట్స్ వచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే కండ్లు మూసిండ్రు. మొత్తం 329 మంది పిల్లలు ఆ రోగం పాలైతే 183 మంది చచ్చిపోయిండ్రు. ఇద్దరిలో ఒకరి కన్న ఎక్కువ. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ అది చాందీపురా వైరస్ అని తేల్చింది. 1965లో నాగపూర్ దగ్గర ఆ పేరుగల ఊర్లో మొదటిసారి కనపడ్డ క్రిమి అది. ఇసుక ఈగ కుట్టి వ్యాపిస్తది. ఆ ఈగ ఎక్కడుంటది? మట్టి గోడల పగుళ్ళలో, పశువుల కొట్టంలో, పెంటకుప్ప దగ్గర. అంటే రోగానికి కూడా ఎవరింటికి పోవాలెనో ఎరుకే.

2024లో గుజరాత్‌లో అదే వైరస్ మళ్ళీ పిల్లలను బలి తీసుకున్నది. ఇరవై ఏండ్లు దాటినా దాని మీద వాడుకలోకి వచ్చిన టీకా లేదు, దాన్ని నయం చేసే ప్రత్యేకమైన మందు లేదు. కరోనా వచ్చినప్పుడు ఇదే హైదరాబాద్ నుంచి ఏడాది తిరక్కముందే కొవాగ్జిన్ వచ్చింది. అంటే మనకు తెలివి లేక కాదు. కరోనా లోకమంతటినీ ముట్టుకున్నది, దొరలనూ దేశాధినేతలనూ ముట్టుకున్నది. చాందీపురా మట్టి గోడలనే ముట్టుకుంటది. కొనేటోడు లేని టీకాను బజారు తయారు చెయ్యదు. అటువంటి చోట ప్రభుత్వ పరిశోధన ముందుకు రావాలె. ఆ ప్రశ్న ఈ గడ్డ మీద మనం కాక ఇంకెవరు అడుగుతరు?

ఇగ అన్నిటికన్న కష్టమైన ముచ్చట. 2009 జులైలో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిండ్రు. దాదాపు పద్నాలుగు వేల మంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేసిన అధ్యయనం అది. అందులో ఎందరో హాస్టళ్ళలో చదువుకునే ఆదివాసీ బిడ్డలు. కొందరు పిల్లలు చనిపోయిండ్రు, గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపిండ్రు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే మంచి టీకా అని నేను కూడా చెప్తున్న. అందులో నాకు అనుమానం లేదు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ఏం బయటపెట్టింది? చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు.

తల్లికి ఎరుక లేదు, తండ్రికి ఎరుక లేదు. బిడ్డ ఒంట్లోకి సూది దిగింది, సంతకం సారుది! పట్నంలో ఒక పెద్ద ఆఫీసరు బిడ్డకు ఇట్ల చేస్తరా? మిత్రులారా, తప్పు టీకాది కాదు. అడగకపోవుడు తప్పు. ఆ తప్పుకు ఇయ్యాల్టికీ కిస్తీ కడుతున్నది ఎవరంటే, గూడెంలో టీకా పెట్టె పట్టుకుని పోయే ఏఎన్ఎం అక్క. ఆమెను చూసి తలుపేసుకునే తల్లిని మూర్ఖురాలు అనకండ్రి. ఒకసారి అడగకుండ చేసినోళ్ళను రెండోసారి నమ్మాలంటే టైం పడతది.

ఆ అక్క పని గురించి రెండు మాటలు చెప్పాలె. టీకాలను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలె. పీహెచ్‌సీలో ఫ్రిజ్ నుంచి తీసి ఐస్ ప్యాకులున్న పెట్టెలో పెట్టుకుని ఊరికి పోవాలె. తట్టు టీకా పొడిని నీళ్ళలో కలిపినంక నాలుగు గంటలే పనికొస్తది, మిగిలింది పారబోయాలె. గూడెంలో ఒక్క బిడ్డే ఉంటే? ఒక్క బిడ్డ కోసమైనా సీసా విప్పాలన్నదే నియమం. కానీ వృథా ఎందుకైందని పైనుంచి అడుగుతరేమోనన్న భయం ఆమె మెడ మీద ఉంటే, ఆ ఒక్క బిడ్డ వచ్చే నెలకు వాయిదా పడతది. వాగు పొంగితే ఆ పై నెలకు. పనిమీద తిరిగిన ఊళ్ళలో నేను చూసింది ఇదే. టీకా ఆగేది ఎక్కువసార్లు కంపెనీ గేటు దగ్గర కాదు, వాగు ఒడ్డున.

మరి డాక్టర్ చదువు సంగతి? హైదరాబాద్‌లో 1846లోనే వైద్య పాఠశాల మొదలైంది. అక్కడ ఉర్దూలో పాఠం చెప్పిండ్రు. గాంధీ మెడికల్ కాలేజీ 1954లో, వరంగల్ కాకతీయ 1959లో వచ్చినయి. ఆ తర్వాత తెలంగాణ జిల్లాల్లో ఇంకొక ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలుకావడానికి ఎన్నేండ్లు పట్టింది? 2008లో ఆదిలాబాద్ రిమ్స్ దాకా, అంటే నలభై తొమ్మిదేండ్లు. 2013లో నిజామాబాద్. 2014లో రాష్ట్రం వచ్చేనాటికి ప్రభుత్వ కాలేజీలు మొత్తం ఐదు. చాందీపురా వచ్చిన 2003లో అయితే మూడే. పిల్లల జెరం చూసి ఇది మామూలు జెరం కాదని గుర్తుపట్టే కన్ను జిల్లాలో ఎందుకు లేకపాయెనో ఇప్పుడు అర్థమైందా?

2024 నాటికి ఆ ఐదు 34 అయినయి. సంతోషమే. ఇది కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం ఫలమే. కానీ సంబురపడి ఊకోవద్దు. చాలా కాలేజీల్లో అధ్యాపకులు సరిపడ లేరని 2025లో జాతీయ వైద్య కమిషన్ నోటీసులిచ్చింది. బోర్డు కట్టంగనే కాలేజీ కాదు. మైక్రోబయాలజీ చెప్పే సారు ఉండాలె, ల్యాబ్ నడవాలె, జిల్లాలో ఏ ఊర్లో ఏ జెరం వస్తున్నదో ఆ ల్యాబ్ చెప్పగలగాలె. పుణెకు రక్తం పంపి జవాబు కోసం చూసే రోజు పోవాలె.

మెడిసిన్ చదివే తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక మాట. రేడియాలజీ సీటు, కార్డియాలజీ సీటు మీద అందరి కన్ను ఉంటది. కమ్యూనిటీ మెడిసిన్ అంటే పరీక్ష ముందు రాత్రి చదివే సబ్జెక్టు అనుకుంటరు. కానీ 2003లో ఆ 183 మంది పిల్లలకు అవసరమైంది ఆ సబ్జెక్టే. ఇంకొకటి, భాష. అవ్వ వచ్చి కాళ్ళు గుంజుతున్నయి, పెయ్యి కాలుతున్నది అంటే ఆమె మాట మీకు తెలవాలె. గోండు తల్లికి, లంబాడీ తల్లికి టీకా ఎందుకో ఆమె భాషలో రెండు ముక్కలు చెప్పగలగాలె. సంతకం అడిగే ముందు మాట చెప్పుడు కూడా వైద్యమే.

ఉద్యోగ మిత్రులారా, మీలో టీచర్లున్నరు, రెవెన్యూ వాళ్ళున్నరు, పంచాయతీ కార్యదర్శులున్నరు. మనం చెయ్యగలిగిన పని చెప్పి ముగిస్తా. ఒకటి, బుధవారం, శనివారం టీకా రోజులు. మీ ఊరి సబ్‌సెంటర్‌కు ఒకసారి పోయి చూడుండ్రి. ఈ నెల ఎందరు పిల్లలకు పడాలె, ఎందరికి పడలేదో అడుగుండ్రి. రెండు, కుక్క కరిస్తే వేసే సూది పీహెచ్‌సీలో ఉన్నదో లేదో ఇయ్యాల్నే కనుక్కోండ్రి, కరిచినంక కాదు. మూడు, మీ హాస్టల్లో, బడిలో ఏ సూది వేసినా తల్లిదండ్రులకు ముందుగా చెప్పిండ్రా అని అడుగుండ్రి. చెప్పినంక దగ్గరుండి వేయించండ్రి. నాలుగు, జిల్లా మెడికల్ కాలేజీలో ఖాళీలు ఎన్నో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి. వచ్చిన జవాబును మా పత్రికకు పంపుండ్రి, అచ్చేస్తం.

నీళ్ళలో వాటా అడిగినోళ్ళం, కొలువుల్లో వాటా అడిగినోళ్ళం, మన బిడ్డల ఆయుష్షులో వాటా అడగలేమా?