తొందర పెడుతున్నారా? ఒక్క క్షణం ఆగండి



ఫోన్‌లో ఓ చీర చూస్తుంటారు. దాని కింద ఎర్రటి అక్షరాలు, ‘ఇంకా రెండే మిగిలాయి’ అని. పక్కనే నిమిషాలు తరిగిపోతుంటాయి. వేలు దానంతటదే బటన్ మీదికి వెళ్తుంది.

ఆ మాట నిజమే కావచ్చు. కాకపోతే మాత్రం అది మోసం. అమ్మకాల్లో ఇలాంటి ఎత్తుగడలను డార్క్ ప్యాటర్న్స్ అంటున్నారు. వీటిని నిషేధిస్తూ కేంద్రం 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది.

లేని తొందర పుట్టించడం ఒకటి. ముందు ఒక ధర చూపించి, చివర్లో రుసుములు కలపడం ఇంకొకటి. నాకు అన్నిటికన్నా అన్యాయం అనిపించేది, మనం అడగనిది బుట్టలో చేర్చడం. టికెట్ కొంటుంటే బీమా అనో, విరాళం అనో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. తీసేసే భారం మనది! చిన్న మొత్తమే కదా అని వదిలేస్తాం. సన్న అక్షరాలు చదవలేని మన పెద్దవాళ్లకైతే అది కనపడనే కనపడదు.

అందుకే, డబ్బు కట్టే ముందు బిల్లు చదవండి. మళ్లీ చెబుతున్నాను, పై నుంచి కిందిదాకా బిల్లు చదవండి. అడగనిది ఉంటే తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్లు కొంటుంటే పక్కన కూర్చుని చూపించండి.

మోసం అనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. నంబరు 1915. ఒకటి, తొమ్మిది, ఒకటి, అయిదు. కాల్‌కు డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడవచ్చు.