యంత్రానికి రాసిన మొదటి ఉత్తర్వు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన సమయం వచ్చిందంటే మనలో చాలామందికి దిగులు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక, బతికే ఉన్నామని యంత్రం మీద వేలు పెట్టి నిరూపించుకుంటున్నాం. అరిగిన వేలిముద్ర కుదరకపోతే "సిస్టమ్ ఒప్పుకోవడం లేదండీ" అంటారు. అంతే, దేవుడి మాట విన్నట్టు లేచి వచ్చేస్తాం. అది దేవుడి మాట కాదు, ఎవరో ఒక మనిషి రాసిన ఉత్తర్వు. ఈ సంగతి నేను 74వ ఏట తొమ్మిదో తరగతి చదివే మనవరాలి దగ్గర నేర్చుకున్నాను.

యంత్రాలు మన కుత్బుల్లాపూర్‌కు కొత్త కాదు. హెచ్‌ఎంటీని, ఐడీపీఎల్‌ను, జీడిమెట్ల ఫ్యాక్టరీలను చూసినవాళ్లం. 1967లో నెలకొల్పిన ఈసీఐఎల్ కంప్యూటర్లు తయారుచేసింది కూడా ఈ నగరంలోనే. అయితే యంత్రం లోపలి మాట మనదాకా రాలేదు.

మనవరాలు చూపించినది అరచేతిలో ఇమిడే బోర్డు. పేరు ఆర్డుయినో ఊనో. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఇంజనీర్లు కాని విద్యార్థులు కూడా వాడుకోవాలని ఆర్డుయినోను రూపొందించారు. కోఠి గుజరాతీ గల్లీలో ఇటువంటివి దొరుకుతాయి. దాని మీద ఉండే నల్లటి చిప్పే మైక్రోకంట్రోలర్. వాషింగ్ మెషీన్‌లో, లిఫ్టులో పనిచేసేది ఈ జాతిదే. దీనిలో ఉత్తర్వులు దాచే చోటు 32 కిలోబైట్లు. కరెంటు తీసేసినా అవి చెరిగిపోవు, మన సర్వీసు రిజిస్టరులాగా. లెక్కలు వేసుకునే చిత్తు కాగితం మాత్రం 2 కిలోబైట్లే. అది కరెంటుతోపాటే పోతుంది.

ఇక ప్రోగ్రామ్ సంగతి. దానిలో రెండు భాగాలు. "సెటప్" అన్నది ఒక్కసారే జరిగే పని, మన జాయినింగ్ రిపోర్టులాంటిది. "లూప్" అన్నది మళ్లీ మళ్లీ జరిగే పని, మన రోజువారీ డ్యూటీ. సెటప్‌లో "13వ నంబరు పిన్ బయటికి కరెంటు పంపాలి" అని రాస్తాం. లూప్‌లో "దీపం వెలిగించు, 1000 మిల్లీసెకన్లు ఆగు, ఆర్పు, మళ్లీ 1000 ఆగు" అని రాస్తాం. 1000 మిల్లీసెకన్లంటే ఒక సెకను.

రాసినది ముందు "వెరిఫై"కి పంపాలి. ఇది ట్రెజరీలాంటిది. ఒక్క సెమికోలన్ తక్కువైనా ఫలానా లైను దగ్గర చూడమని అభ్యంతరం రాసి బిల్లు తిప్పి పంపుతుంది. అయితే ఒక మాట. ఇది చూసేది వ్యాకరణమే, మన ఉద్దేశం కాదు. సెకను బదులు నిమిషం ఆగమని రాసినా పాస్ చేసేస్తుంది!

పాసయ్యాక ఏ బోర్డు, ఏ పోర్టు అన్నది ఎంచుకుని "అప్‌లోడ్" నొక్కాలి. ఇది డిస్పాచ్. తీగ గుండా ఉత్తర్వు వెళుతుంటే బోర్డు మీద చిన్న దీపాలు మిణుకుమంటాయి. అక్కడ బూట్‌లోడర్ అనే ఇన్‌వార్డు గుమాస్తా దానిని అందుకుని దాచిపెడతాడు. ఆ తర్వాత దీపం వెలగడం, ఆరడం మొదలైంది. నేను చప్పట్లు కొట్టబోతే మనవరాలు ఆపింది.

"ఆగు తాతా! కొత్త బోర్డులో ఈ ప్రోగ్రామ్ ముందే ఉంటుంది. ఇది నీ దీపమో కంపెనీవాళ్ల దీపమో ఎలా తెలుస్తుంది?" అంది.

1000 తీసి 200 వేశాం. మళ్లీ పంపాం. దీపం గబగబా కొట్టుకుంది. ఇది నా ఉత్తర్వే!

మిత్రులారా, నలభై ఏళ్లు రూల్సు చదివి నోట్లు రాసిన మనకు ఇందులో తెలియనిదేముంది? యంత్రం రాసినది చేస్తుంది, రాయనిది చెయ్యదు. అందుచేత "సిస్టమ్ ఒప్పుకోదు" అన్నప్పుడు మర్యాదగానే అడుగుదాం: "ఏ నిబంధన ప్రకారం బాబూ? వేరే దారి ఏముంది?" మనిషి రాసిన దానిని మనిషి మార్చగలడు. 2021 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ముఖం గుర్తించే పద్ధతిని జీవన్ ప్రమాణ్‌లో చేర్చింది. వేలిముద్రలు అరిగినవారికి అలా ఒక దారి ఏర్పడింది.

ఇందులో ప్రమాదం లేదు. బోర్డు నడిచేది 5 వోల్టులతో. ఇంటి కరెంటు జోలికి మాత్రం మీ అంతట మీరు వెళ్లకండి, అది ఎలక్ట్రీషియన్ పని. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల వల్ల కొన్ని బడుల్లో ఆరో తరగతి నుండే పిల్లలకు ఈ విద్య అందుతోంది. మీ ఇంట్లో అటువంటి పిల్లలుంటే ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు మనకు నేర్పుతారు, మనతో నాలుగు మాటలూ మాట్లాడతారు. రెండోది పెన్షన్‌లో రాదు.