పట్నం చూసి, క్షేమంగా ఇల్లు చేరుదాం

(పానగల్‌లో జరిగిన మన సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం వస్తే మన ఛాయా సోమేశ్వరాలయానికి హైదరాబాదు నుంచి కార్లలో జనం వస్తున్నారు. పగలంతా లింగం మీద నిలిచే నీడను చూసి ఆశ్చర్యపోయి, పచ్చల సోమేశ్వరుని దర్శించుకొని, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు నిలబడి చీకటి పడేలోగా ఇల్లు చేరుతున్నారు. నూరు కిలోమీటర్ల దూరం వారికి అడ్డం కాలేదు. మరి మనకు మాత్రం ఎందుకు కావాలి?

సర్వీసులో ఉండగా మనలో పట్నం పోనివారు లేరు. బడ్జెటు కాగితాలకు డైరెక్టరేటుకు పోయాం, పెన్షన్ పేపర్లకు ఏజీ ఆఫీసుకు పోయాం. బస్సు దిగటం, పని చూసుకోవటం, మళ్ళీ బస్సెక్కటం. మనలో చాలామంది చార్మినార్‌ను సిగరెట్ పెట్టె మీద చూసినంత దగ్గరగా మరెన్నడూ చూడలేదు. ఇప్పుడు తీరిక దొరికితే, "ఈ వయసులో మీకెందుకు నాన్నా" అని పిల్లలు ఆపుతున్నారు. వారి భయంలో అర్థం ఉంది. అయితే నేను చూసినంతలో, పట్నంలో మన వయసు వారికి పెద్ద శత్రువు దొంగ కాదు, తొందర. తొందర మానితే సగం ప్రమాదాలు తప్పుతాయి.

కనుక ముందుగా టూరు ప్రోగ్రాం వేసుకోవాలి. దీనికి టి.ఏ., డి.ఏ. రావు గాబట్టి రోజుకు నాలుగు చోట్లు చూపించవలసిన అవసరం లేదు. రెండు చాలు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఇది తెలియక పోతే గేటు చూసి రావాలి. ఎల్.బి.నగర్‌లో బస్సు దిగితే అక్కడే మెట్రో రైలు ఉంది. స్టేషన్లలో లిఫ్టు ఉంటుంది. నేరుగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా పోయి, అక్కడి నుంచి ఆటోలో మ్యూజియం చేరవచ్చు. రేటు మాట్లాడుకున్నాకే ఆటో ఎక్కాలి. మ్యూజియంలో గంట గంటకూ బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టే గడియారం ముందు జనం గుమిగూడుతారు. పది నిమిషాలు ముందే పోయి కూర్చోండి.

చార్మినార్ 1591లో కట్టింది. లోపలి మెట్లు ఇరుకు, చుట్టలు చుట్టుకొని పైకి పోతాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు కింద నుంచే చూసి, లాడ్ బజారులో మనుమరాళ్ళకు గాజులు కొనుక్కోవచ్చు. గోల్కొండలోనూ పైదాకా ఎక్కాలన్న పట్టుదల వద్దు. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి కదా! మనుమడిని పైకి పంపి మనం కింద చప్పట్లు కొడదాం. ఆ పనికి కూడా ఒకరు కావాలి.

హుస్సేన్‌సాగర్ మధ్యనున్న బుద్ధ విగ్రహం మన పాత నల్లగొండ జిల్లా రాయగిరి రాయి. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే ప్రమాదం జరిగి మనుషులు చనిపోయారు, విగ్రహం నీట మునిగింది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. దాన్ని చూడటానికి పడవ ఎక్కినప్పుడు లైఫ్ జాకెట్ వేసుకోవటం నామోషీ అనుకోవద్దు.

వానకాలంలో మూసీ సంగతి కూడా చూసుకోవాలి. మన వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది అదే. 1908 సెప్టెంబరు 28న ఆ వరద పట్నాన్ని ముంచింది. అప్పుడు ఎందరినో కాపాడిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. తరువాత జలాశయాలు కట్టినా, 2025 సెప్టెంబరు చివరి వారంలో గేట్లు ఎత్తిన రాత్రి నీరు బస్ స్టేషన్‌లోకి వచ్చి ప్రయాణికులు చిక్కుకున్నారు. వాన వార్త వింటే ప్రయాణం వాయిదా వేయండి. చలికాలమే మనకు మేలు.

ఇక మోసగాళ్ళు. "ముందు గొడవ జరుగుతోంది, మేము పోలీసులం, మీ బంగారం తీసి కాగితంలో కట్టుకోండి" అని ఒకడు వస్తాడు. పొట్లం కట్టి ఇచ్చేది వాడే, మార్చేదీ వాడే. నిజమైన పోలీసు మీ గొలుసు విప్పమనడు. "మీ చొక్కా మీద ఏదో పడింది" అని తుడవబోయే వాడు మరొకడు. వాణ్ణి తాకనివ్వక దగ్గరలోని దుకాణంలోకి నడవండి. డబ్బు రెండు చోట్ల పెట్టుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయండి.

రోడ్డు దాటేటప్పుడు పరుగు పనికిరాదు. మెట్రో స్టేషన్ దగ్గరుంటే దాని మెట్ల మీదుగా, లిఫ్టులో అవతలికి పోవచ్చు. కదిలే బస్సు దిగవద్దు. రెండు రోజుల మందులు చేతి సంచీలోనే ఉండాలి. జేబులో ఒక చీటీ పెట్టుకోండి: పేరు, ఇంటివారి ఫోను నంబరు, బ్లడ్ గ్రూపు, వాడే మందులు. ఫోను చార్జింగ్ అయిపోయినా చీటీ పనిచేస్తుంది. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగవద్దు. ఉన్నచోటే నిలబడి 112కు చెప్పండి. అంబులెన్సుకు 108. వృద్ధుల సహాయానికి 14567.

చివరగా ఒక మాట. మన సభ్యులొకరు రిటైరయ్యాక సాలార్‌జంగ్ చూపిస్తానని భార్యకు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. ఈ నెల, వచ్చే నెల అంటుండగానే ఆయన కాలం చేశారు. పోయిన చలికాలం ఆ అమ్మ మరి ముగ్గురు ఆడవారితో కలిసి, ఆధార్ కార్డు చూపి మహాలక్ష్మి ఉచిత ప్రయాణంలో పోయి చూసి వచ్చింది. "ఆయనుంటే ఆ గడియారం ముందు నుంచి లేచేవారు కాదు" అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి వచ్చే నెల అనే మాట నాకు రుచించటం లేదు.

ఒంటరిగా వద్దు, అరవై మంది గుంపూ వద్దు. ఆరేడుగురు చొప్పున, నెమ్మదిగా నడిచేవారి నడకే అందరి నడకగా పోదాం. భాగస్వామిని పోగొట్టుకున్నవారి పేర్లు ముందు రాయవలసిందిగా కార్యదర్శిగారికి మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.