ద హౌస్ ఆఫ్ ద డెడ్ 2: ట్రిగ్గర్ మీద వేలు ఆపగలరా?

పాత హారర్ షూటింగ్ గేమ్ ఏదైనా ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఆడి చెప్పు అన్నా అని చాలా రోజుల నుంచి అడుగుతున్నారు. సరే, ఈ ఎపిసోడ్‌లో అదే. ద హౌస్ ఆఫ్ ద డెడ్ 2. పేరు వినగానే గుర్తు రాకపోతే ఇలా చెప్తా. నెట్ సెంటర్‌లో మౌస్ పట్టుకుని, ఎడమ క్లిక్‌తో కాలుస్తూ, కుడి క్లిక్‌తో రీలోడ్ చేస్తూ ఆడిన జాంబీల గేమ్. మీ అన్నయ్యనో, బాబాయినో అడగండి, వెంటనే "ఓ అదా" అంటారు.

సెగా కంపెనీ దీన్ని 1998లో ఆర్కేడ్ మెషిన్ల కోసం చేసింది. తర్వాత డ్రీమ్‌కాస్ట్‌కి, 2001లో పీసీకి వచ్చింది. మన దగ్గర చాలామందికి తెలిసింది ఆ పీసీ గేమే. 2025లో రీమేక్ కూడా వచ్చింది గానీ నేను పోయిన వారం కూర్చుని ఆడింది పాతదే. బొమ్మలు పలకల్లా ఉంటాయి, ముఖాలు కదలవు. అయినా రాత్రి లైట్ ఆపేసి ఆడితే ఆ తలుపులు విరిగే సౌండ్‌కి ఇప్పటికీ భుజాలు ఎగురుతాయి.

కథ సింపుల్. 2000 ఫిబ్రవరి. వెనిస్‌లాంటి ఊరు, వీధుల మధ్య కాలువలు, చిన్న చిన్న వంతెనలు. ఊరంతా జాంబీలు. ఏఎంఎస్ అనే సంస్థ ఏజెంట్లు జేమ్స్, గ్యారీ వస్తారు. మొదటి గేమ్‌లో హీరోగా ఉన్న జీ అనే ఏజెంట్ ఈసారి లైబ్రరీలో దెబ్బలు తిని కూర్చుని ఉంటాడు. మొదటి భాగం ఆడినవాళ్లకి అది చాలా గట్టి దెబ్బ. మనం ఎవరి చేతులతో కాల్చామో ఆ మనిషే లేవలేని స్థితిలో ఉన్నాడు. రెండో భాగం తీసేవాళ్లు ఇంతకంటే తక్కువ మాటల్లో "ఈసారి కష్టం" అని చెప్పలేరు.

మాటలంటే గుర్తొచ్చింది, ఇందులో వాయిస్ యాక్టింగ్ ప్రపంచవ్యాప్తంగా ఫేమస్. ఎందుకంటే అంత ఘోరంగా ఉంటుంది కాబట్టి. మధ్యాహ్నం టీవీలో వేసే డబ్బింగ్ సినిమాలో చచ్చిపోతున్నవాడు కూడా పేపర్ చూసి చదువుతున్నట్టు మాట్లాడతాడు చూడండి, అచ్చం అలాగే. నాకైతే అది కూడా ఇష్టమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దీన్ని రైల్ షూటర్ అంటారు. అంటే నడక మన చేతిలో ఉండదు. ఎగ్జిబిషన్‌లో భూత్ బంగ్లాకి వెళ్లి చిన్న బండిలో కూర్చుంటాం కదా, బండి దానంతట అదే పట్టాల మీద పోతుంది, మనం అరవడం తప్ప ఏం చెయ్యలేం. ఇక్కడ మన చేతిలో తుపాకీ ఉంటుంది, అంతే తేడా. కెమెరా ఎటు తిప్పితే అటే చూడాలి. "అన్నా, అలాంటప్పుడు బోర్ కదా, ఫ్రీగా తిరగలేమా" అని కొందరు అడుగుతారు. తిరగగలిగితే పారిపోతాం. భయమేస్తే వెనక్కి పరిగెత్తి ఓ మూలలో నిలబడి ఊపిరి పీల్చుకుంటాం. ఇందులో ఆ వీలు లేదు. మెట్లు దిగొద్దు అనిపిస్తుంది, కెమెరా దిగుతుంది. ఆ తలుపు తియ్యొద్దు అనిపిస్తుంది, జేమ్స్ తీస్తాడు.

తుపాకీలో ఆరు బుల్లెట్లు. ముగ్గురు జాంబీలు ఒకేసారి వస్తే ముందు ఎవర్ని కొట్టాలి? దగ్గరున్నవాడిని అనుకుంటాం. కానీ వెనకాల గొడ్డలి విసరబోయేవాడు ఉంటాడు, దెబ్బ ముందు వాడిదే తగులుతుంది. విసిరేశాడా, గాల్లో ఉన్న గొడ్డలిని కూడా కాల్చొచ్చు. ఆరు అయిపోయాక రీలోడ్ చెయ్యడం మర్చిపోతే క్లిక్, క్లిక్ అని ఖాళీ సౌండ్. ఆ అర సెకనులో ముఖం మీద గోళ్లు. మొత్తం గేమ్ ఈ లెక్క మీదే నడుస్తుంది.

అయితే ఈ లెక్కంతా తారుమారు చేసేది మనుషులు. బతికున్న మనుషులు. గేమ్ పొడుగునా సామాన్య జనం కనిపిస్తూ ఉంటారు. ఒకరు గోడకి అతుక్కుపోయి అరుస్తుంటారు, ఇంకొకరిని జాంబీ పట్టుకుని లాగుతుంటుంది. కాపాడితే థ్యాంక్స్ చెప్తారు, కొన్నిసార్లు ఒక లైఫ్ ఇస్తారు. కాపాడకపోతే మన కళ్ల ముందే పోతారు. మనమే పొరపాటున కాల్చేస్తే మన లైఫ్ ఒకటి పోతుంది. ఇంకా ఏంటంటే, కొన్నిచోట్ల ఎవర్ని కాపాడాం, ఎవర్ని కాపాడలేకపోయాం అన్నదాన్ని బట్టి దారే మారిపోతుంది. వేరే వీధి, వేరే జాంబీలు. పట్టాలు వేసింది గేమే గానీ, పట్టాలు మార్చే లివర్ మాత్రం ఆ అరుస్తున్న మనిషి దగ్గర ఉంది.

ఇది ఎంత కష్టమో ఆడితేనే తెలుస్తుంది. పది నిమిషాలుగా గేమ్ మనకి ఏం నేర్పింది? కదిలేది కనపడగానే కాల్చు. వేలు దానికి అలవాటు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని ఒక ఆకారం మన వైపు పరిగెత్తుకుంటూ వస్తుంది. మా తమ్ముడు నాతో నెట్ సెంటర్‌కి వచ్చేవాడు. ఒకటే మౌస్, లైఫ్ పోతే చెయ్యి మారాలని రూల్. వాడి గురి నా కంటే చాలా బాగుండేది, కానీ ప్రతిసారీ ఆ పరిగెత్తుకొచ్చేవాడిని కాల్చేసేవాడు. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. వాడు కాలుస్తాడు, నేను పక్కన కూర్చుని మనిషి కనపడగానే "ఆగు" అని అరవాలి. సెంటర్ ఓనర్ అంకుల్ "ఏంట్రా ఆ గోల" అని తిట్టేవాడు. కానీ పని చేసింది! నా "ఆగు" వినగానే వాడి వేలు నిజంగా ఆగేది. వాడు ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వారం ఒక్కడినే ఆడుతుంటే అలాంటి చోట్లకి వచ్చేసరికి నా నోటి నుంచి "ఆగు" దానంతట అదే వస్తోంది.

బాస్‌ల గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. అందరికీ టారో కార్డుల పేర్లే. మొదటి బాస్ జడ్జ్‌మెంట్. తల లేని పెద్ద కవచం గొడ్డలితో వస్తుంది, పైన చిన్న ఎగిరేవాడు ఒకడు దాన్ని నడిపిస్తుంటాడు. కవచాన్ని ఎంత కొట్టినా దండగ, ఎగిరేవాడిని కొట్టాలి. హైరోఫాంట్‌కి ఛాతీలో గుండె కనపడినప్పుడే దెబ్బ. టవర్ అంటే చాలా తలలున్న నీటి పాము. స్ట్రెంగ్త్ చైన్‌సా పట్టుకుని వెంటపడతాడు, తల మీద కొట్టాలి. తర్వాత మెజీషియన్, మొదటి గేమ్ నుంచి తిరిగొచ్చినవాడు. వాడి స్పీడ్‌కి నా కంటిన్యూలన్నీ అక్కడే కరిగిపోయాయి. వీళ్లందరి వెనక గోల్డ్‌మన్ ఉంటాడు. మనుషులు ప్రకృతిని పాడు చేశారు, కాబట్టి వాళ్లని తుడిచెయ్యాలి అనేది వాడి వాదన. దానికోసం ఎంపరర్‌ని తయారు చేశాడు. అంత పెద్ద ప్లాన్ వేసినవాడు సూట్ వేసుకుని ఆఫీసు మేనేజర్‌లా చల్లగా మాట్లాడతాడు. నాకు జాంబీల కంటే వాడే ఎక్కువ చిరాకు.

ఒక టెక్నికల్ ముచ్చట. ఆర్కేడ్‌లో, డ్రీమ్‌కాస్ట్‌లో దీన్ని ప్లాస్టిక్ గన్‌తో ఆడేవాళ్లు. డ్రీమ్‌కాస్ట్ గన్ పనిచేసేది పాత డబ్బా టీవీలతోనే. ఆ టీవీ బొమ్మని గీత గీతగా గీస్తుంది, గన్ ఆ వెలుగుని ఏ క్షణంలో చూసిందో లెక్కేసి ఎక్కడ గురిపెట్టామో కనిపెడుతుంది. మన ఇళ్లలో ఉన్న ఎల్‌ఈడీ టీవీ ముందు ఆ గన్ బొమ్మ తుపాకీతో సమానం. అమెరికాలో అయితే 1999లో కొలంబైన్ స్కూల్ కాల్పులు జరిగాయి, ఆ ఏడాదే డ్రీమ్‌కాస్ట్ అక్కడ విడుదలైంది, కానీ సెగా తన సొంత గన్‌ని అక్కడ అమ్మలేదు.

ఇంకో సరదా సంగతి. ఇదే గేమ్‌ని సెగా వాళ్లు ద టైపింగ్ ఆఫ్ ద డెడ్ అని కూడా చేశారు. తుపాకీకి బదులు కీబోర్డు. జాంబీ మీద పదం వస్తుంది, స్పెల్లింగ్ కరెక్ట్‌గా కొడితే చస్తుంది. ఏజెంట్లు వీపుకి డ్రీమ్‌కాస్ట్ తగిలించుకుని, మెడలో కీబోర్డు వేలాడదీసుకుని సీరియస్‌గా నడుస్తుంటారు. టైపింగ్ నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ట్రై చెయ్యండి.

చివరి చాప్టర్‌లో ఎంపరర్ పాత బాస్‌ల రూపాలు ఎత్తుతాడు, కాబట్టి ముందు వాళ్లని ఎలా కొట్టారో గుర్తుంచుకోండి. నేను ఈసారి ఎంతమందిని కాపాడానో లెక్క రాసుకున్నాను, రెండో చాప్టర్‌లో ఇద్దరు మిస్సయ్యారు. ఆ ఇద్దరి కోసం ఈ రాత్రి మళ్లీ మొదలుపెడుతున్నా. తమ్ముడికి వీడియో కాల్ చేసి కూర్చోబెడతా, ఈసారి అరిచే డ్యూటీ వాడిది. ఏమవుతుందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. బై ఫ్రెండ్స్.