జన్మరత్నములు – పూసల ఎంపిక

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు ఎడతెగక నడచుట చిన్న విషయము కాదు. ఈ శుభసందర్భమున పదుగురికి పనికివచ్చు విషయమేదైన చెప్పవలసినదని కార్యదర్శిగారు ఆదేశించిరి. ఈ గ్రామమున పూసలు గ్రుచ్చి హారములు, చెవిలోలకులు, చేతిగొలుసులు చేసి అమ్ముకొనుచున్న సోదరీమణులు కొందరున్నారు. వారియొద్దకు వచ్చువారు ఇటీవల "మా పిల్ల ఫలానా నెలలో పుట్టినది, ఆ నెల రాతిపూసలతో హారము చేసి ఇత్తురా?" అని అడుగుచున్నారట. ఏ నెలకు ఏ రాయి? అది నిజమైన రాయియే అని ఎట్లు తెలియును? దేనితో ఏ నగ చేయవలెను? ఈ ప్రశ్నలు కొనువారికిని ఉన్నవి, చేయువారికిని ఉన్నవి. నేటి నా ప్రసంగము వానిని గురించియే.

మొట్టమొదట ఒక చిక్కు విడదీయవలెను. జన్మరత్నములను గూర్చి రెండు వేర్వేరు సంప్రదాయములు మనకు వినవచ్చుచున్నవి. ఒకటి మన నవరత్న సంప్రదాయము. సూర్యునకు కెంపు, చంద్రునకు ముత్యము, కుజునకు పగడము, బుధునకు పచ్చ, గురునకు పుష్యరాగము, శుక్రునకు వజ్రము, శనికి నీలము, రాహువునకు గోమేదికము, కేతువునకు వైడూర్యము అని పెద్దలు చెప్పుదురు. రెండవది పాశ్చాత్యుల నెలల పట్టిక. పుట్టిన ఇంగ్లీషు నెలయే దీనికి ఆధారము. జనవరికి గార్నెట్టు, ఫిబ్రవరికి అమెథిస్టు అను ఊదారంగు స్ఫటికము, మార్చికి ఆక్వామరీను అను సముద్రపు వన్నె రాయి, ఏప్రిలునకు వజ్రము, మే నెలకు పచ్చ, జూనునకు ముత్యము లేక చంద్రకాంతము, జూలైకి కెంపు, ఆగస్టునకు పెరిడోటు అను లేతాకుపచ్చ రాయి, సెప్టెంబరునకు నీలము, అక్టోబరునకు ఓపలు లేక టూర్మలీను, నవంబరునకు టోపాజు లేక సిట్రీను, డిసెంబరునకు ఫిరోజా మొదలైనవి. ఈ రెండు పద్ధతులను కలగాపులగము చేసినచో ఒకే పిల్లకు ఒక అంగడిలో ఒక రాయిని, వేరొక అంగడిలో మరియొక రాయిని చెప్పుదురు. ఏది విడిచిన ఏమి కీడు మూడునో అని జంకి, కొనువారు రెండును కొందురు.

ఈ నెలల పట్టిక ఎక్కడిది? యూదుల ప్రధానయాజకుడు పండ్రెండు రత్నములు పొదిగిన పతకమును ఱొమ్మున ధరించెడివాడని బైబిలులోని నిర్గమకాండమున ఉన్నది. తరువాతివారు ఆ పండ్రెండింటిని పండ్రెండు రాసులతోను, పండ్రెండు నెలలతోను ముడివేసిరి. ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా ఉన్న ఈ పట్టికలను అమెరికా దేశపు నగల వర్తకుల సంఘమువారు 1912లో కాన్సాస్ నగరమున సమావేశమై ఒక్క తీరునకు తెచ్చిరి. 1952లో దానిని సవరించి అక్టోబరునకు టూర్మలీను, నవంబరునకు సిట్రీను మొదలగువానిని చేర్చిరి. టాంజనైటు అను నీలివన్నె రాయి 1967లో టాంజానియా దేశమున కిలిమంజారో పర్వతప్రాంతమున బయల్పడినది. 2002లో అది డిసెంబరు రాళ్ళలో ఒకటియైనది. 2016లో ఆగస్టునకు స్పైనెలు చేరినది. అంతకుముందు డిసెంబరులోను ఆగస్టులోను పుట్టినవారికి ఈ రాళ్ళు లేనందున లోటేమియు కలుగలేదు గదా! ఈ పట్టిక వర్తకులు కూర్చినది. అందు తప్పేమియు లేదు. పుట్టినరోజున ప్రేమతో ఒక కానుక ఇచ్చుటకు అది చక్కని నెపము. దానిని అంతవరకే గ్రహింపవలెను.

ఇక మన సంప్రదాయము మాట. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజు బొక్కసమునకు చేరవలసిన రత్నములను పరీక్షించు ప్రకరణము కలదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు వజ్రమును, ముత్యమును, పద్మరాగమును, మరకతమును వేర్వేరు అధ్యాయములలో వర్ణించెను. శుభాశుభములను చెప్పినను, ఆ మహనీయుడు రత్నముల రంగును, కాంతిని, దోషములను పరిశీలించు తీరును కూడ చెప్పెను. మనము శుభాశుభములను పట్టుకొని పరీక్షను మరచితిమి.

ఒక్క నీలము సంగతియే చూడుడు. అది శనిరత్నమని, పడకున్న కొంప ముంచునని మనలో ఎందరో దానిని తాకుటకే వెనుదీయుదురు. ఆ నీలమునే పాశ్చాత్యులు సెప్టెంబరులో పుట్టిన పసిబిడ్డకు ముద్దుగా కానుక ఇత్తురు. రాహువునకు చెప్పిన గోమేదికము గార్నెట్టు జాతిలోనిది. అనగా వారి జనవరి కానుకకు చుట్టమే. పైగా కెంపు, నీలము ఒకే ఖనిజము. రవ్వంత క్రోమియము కలిసిన ఎఱ్ఱనగును, ఇనుము, టైటానియము కలిసిన నీలమగును. ఆ ఖనిజమునకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న 'కొరండము' అను పేరు మన దక్షిణదేశపు కురుందము, కురువిందము అను మాటలనుండి వెళ్ళినదే. ఒకే రాయి ఒకచోట భయమును, వేరొకచోట సంతోషమును కలిగించుచున్నదన్నచో ఆ భయము రాతిలో లేదు, మన మనస్సున ఉన్నదని తేటపడుచున్నది. నమ్మకము ఎవరిది వారిది. దానిని నేను ఆక్షేపింపను. కాని రాయి ధరింపనిచో కీడు మూడునని వెఱపించి, వడ్డీకి తెచ్చిన సొమ్ముతో రాయి కొనిపించువాని మాట మాత్రము వినవలదని చేతులు జోడించి వేడుచున్నాను. అప్పు తెచ్చు కీడు ఏ గ్రహము తెచ్చు కీడునకును తీసిపోదు.

ఇక పూసల ఎంపికకు వత్తము. రాతికి మొదట చూడవలసిన గుణము కాఠిన్యము. ఫ్రెడరిక్ మోస్ అను జర్మనీ పండితుడు 1812లో ఖనిజముల గట్టితనమునకు ఒకటినుండి పదివరకు మెట్లు ఏర్పరచెను. వజ్రమునకు 10, కెంపునకు నీలమునకు 9, టోపాజునకు 8, పచ్చకు ఏడున్నర మొదలు 8, అమెథిస్టు, సిట్రీను మొదలగు స్ఫటికజాతికి 7. గార్నెట్టు ఏడునకు కొంచెము అటునిటు. చంద్రకాంతము, ఓపలు, ఫిరోజా ఆరునకు అటునిటు. పగడము మూడు నాలుగు మెట్లు. ముత్యమును ఇంచుమించు అంతే. మన వీథిధూళిలో ఇసుకరేణువు లుండును; వాని కాఠిన్యము 7. కనుక ఏడునకు తక్కువైన పూసను ధూళితో తుడిచినచో గీతలు పడును. దినమెల్ల పని చేయు చేతికి గార్నెట్టు, అమెథిస్టు వంటి గట్టి పూసలు తగును. ముత్యము, పగడము, ఓపలు, ఫిరోజాలను మెడకు, చెవులకు ఉంచుకొనుట మేలు. ముత్యము, పగడము సముద్రజీవులనుండి పుట్టినవి; సున్నపుజాతి పదార్థములు. నిమ్మరసము, చింతపులుసు, చెమట, అత్తరు వానికి పడవు. అలంకరణమంతయు ముగిసిన తరువాత వానిని ధరించి, తీసిన వెంటనే మెత్తని తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి దాచవలెను. పచ్చలోని సన్నపగుళ్ళను కప్పుటకు నూనె పట్టించుట వాడుక. కనుక పచ్చపూసలను వేడినీటను, సబ్బునీటను ముంచరాదు.

రెండవది రాతి నిజాయితీ. బజారులో పుష్యరాగమను ఒక్క పేరుతో మూడు రాళ్ళు తిరుగుచున్నవి: పసుపువన్నె కొరండము, టోపాజు, సిట్రీను. వీని గట్టితనము వరుసగా 9, 8, 7. వెలలలో నున్న తేడా ఇంకను పెద్దది. సిట్రీనులో అధికభాగము అమెథిస్టును కాల్చి పసుపువన్నె తెప్పించినదే. కాల్చుట మోసము కాదు. గుజరాతులోని ఖంభాతు పనివారు గోధుమవన్నె అగేటురాళ్ళను కాల్చి ఎఱ్ఱపూసలు చేయుట తరతరాల విద్య. సిట్రీనును సిట్రీనని చెప్పక పుష్యరాగపు వెలకు అమ్ముటయే మోసము. ఫిరోజా పేరుతో రంగువేసిన తెల్లరాతిపూసలు, పగడము పేరుతో గాజు వచ్చుచున్నవి. ఫ్రాన్సు దేశపు వెర్నెయిల్ పండితుడు కెంపును కృత్రిమముగా చేయు విధమును 1902లో ప్రకటించెను. కావున ఎఱ్ఱని స్వచ్ఛమైన పెద్ద కెంపు చౌకగా దొరకినచో సంతోషించుటకు ముందు సందేహింపవలెను. హైదరాబాదు ముత్యములనునవి అక్కడ పుట్టినవి కావు. పూర్వము పారసీక సింధుశాఖనుండి వచ్చెడివి, నేడు అధికముగా చైనా దేశపు మంచినీటి పెంపకపు ముత్యములు. ఏరుట, తొలుచుట, గ్రుచ్చుట అను నేర్పు హైదరాబాదుది.

ఇంటియొద్ద చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. పది రెట్లు చూపు భూతద్దముతో పూసను వెలుతురునకు ఎత్తి చూడుడు. లోపల గుండ్రని బుడగలున్నచో అది గాజు కావచ్చును. రంగు పగుళ్ళలోను, బెజ్జము చుట్టును చిక్కగా పేరుకొన్నచో రంగు వేసినదని అనుమానింపవలెను. గోళ్ళరంగు తీయు ద్రవములో దూదిని తడిపి ఒక్క పూసకు రుద్దిన, రంగు దూదికి అంటవచ్చును. ముత్యము, పగడము, ఓపలు, ఫిరోజాలపై ఈ పరీక్ష చేయరాదు. బుగ్గకు ఆనించిన రాయి చల్లగా తోచును. ప్లాస్టిక్కు త్వరగా వెచ్చబడును. ముత్యమును పంటికి మెల్లగా రాచిన కొంచెము గరుకుగా తగులును. గాజుముత్యము నున్నగా జారును. ఇవన్నియు అనుమానమును తెలుపునే కాని తీర్పు చెప్పవు. పెద్ద వెల పెట్టునపుడు మణిపరీక్షాలయపు ధ్రువపత్రము అడుగవలెను. బంగారముపై వేయు హాల్‌మార్కు ముద్ర బంగారమునకే గాని అందు పొదిగిన రాతికి వర్తింపదని మరువరాదు.

మూడవది పూస పనితనము. బెజ్జము నడిమికి సూటిగా ఉన్నదా? రెండు ప్రక్కలనుండి తొలిచిన రంధ్రములు లోపల కలిసినవా? అంచులు వాడిగా ఉన్నవా? వాడియంచు దారమును కోయును. హారములు తెగుటకు అది పెద్ద కారణము. పూసలను పళ్ళెమున దొర్లించిన గుండ్రనివి సాఫీగా పోవును, వంకరవి ప్రక్కకు తొలగును. ముత్యములకు పట్టుదారము వాడి, పూసకు పూసకు నడుమ ముడి వేయుడు. దారము తెగినను ఒక్క పూసయే జారును, ఒకదానితోనొకటి ఒరసికొనవు. లెక్క కూడ తెలిసియుండవలెను. 40 సెంటీమీటర్ల పేటకు 8 మిల్లీమీటర్ల పూసలు 50, 6 మిల్లీమీటర్లవి 66 పట్టును. విడిరాళ్ళను కారట్ల లెక్కన అమ్ముదురు. కారటనగా 200 మిల్లీగ్రాములు, గ్రామునకు అయిదు. పసిపిల్లల మెడకు మాత్రము ఏ పూసయు వేయకుండుట క్షేమము. తెగిన పూస గొంతున పడు ప్రమాదము కలదు.

జూలైలో పుట్టినవారికి కెంపు కొనలేనిచో ఏమి చేయవలెను? ఎఱ్ఱని గార్నెట్టు పూసలు చేయుడు. ఏప్రిలునకు వజ్రమునకు బదులు తెల్లని స్ఫటికము, మే నెలకు పచ్చకు బదులు ఆకుపచ్చ అగేటు అందముగనే ఉండును. గార్నెట్టు మనకు పరాయిది కాదు. కొత్తగూడెము సమీపమున గరీబుపేట కొండలో అది దొరకును. కృష్ణాతీరపు కొల్లూరు గనుల వజ్రములు ప్రపంచప్రసిద్ధి గాంచినవి. గాజుపూసనైనను చులకన చేయవలదు. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట పనివారు కరగిన గాజును సన్నని గొట్టముగా లాగి, కోసి పూసలు చేయు ప్రాచీనవిద్యను నిలిపి పేరు గాంచిరి. అయితే గార్నెట్టును గార్నెట్టనియే, గాజును గాజనియే చెప్పి అమ్మవలెను. ప్రతి హారముతో ఒక చిన్న చీటీపై రాతి పేరు, రంగు వేసినదా కాల్చినదా అనునది, పూసల కొలత, కాపాడు విధము వ్రాసి ఇండు. ఒకసారి నిజము చెప్పిన అంగడికి కొనువారు మరల వత్తురు. గ్రామమున చేతిపనికి ఇంతకుమించిన పెట్టుబడి లేదు.

కొన్ని దేశములలో తల్లికి తన బిడ్డలు పుట్టిన నెలల రాళ్ళను వరుసగా కూర్చి హారము చేసి ఇచ్చు వాడుక కలదు. ముగ్గురు బిడ్డలకు మూడు వన్నెల పూసలు, నడుమ ముత్యములు. అట్టి హారమునకు శుభము ఎక్కడనుండియో రానక్కరలేదు. చేసిన చేతులలోను, ఇచ్చిన మనస్సులోను ఉన్నది. జన్మరత్నమును ఈ భావముతో ఎంచుకొనుడు. పేరు పట్టికను చూచి, పూసను కంటితో చూచి, వెలను మీ సంచిని చూచి నిర్ణయించుకొనుడు.

చదివి, పరీక్షించి, తరువాత నమ్ముటను నేర్పునది గ్రంథాలయము. ఆ పనిని ఇరువదియైదేండ్లు సాగించిన ఈ సంస్థ స్వర్ణోత్సవమును కూడ వైభవముగా జరుపుకొనవలెనని ఆకాంక్షించుచున్నాను.