బజ్జీల బండి లెక్కలు

1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీళ్లే బాన్సువాడ వరికి ఆధారం. వడ్ల పైసలు చేతికొచ్చినప్పుడు టిఫిన్ సెంటర్లకు తీరికుండదు. నాట్లప్పుడు నిండేది ఉద్దెర పుస్తకమే, గల్లా కాదు.

ఖర్చులు మాత్రం ఉద్దెరకు దొరకవు. 14.2 కిలోల ఇంటి సిలిండర్ హోటల్లో వాడకూడదు. 19 కిలోల కమర్షియల్ సిలిండరే కొనాలి. ఇక నూనె. అసలు తిప్పలంతా అక్కడే! కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచాలనిపిస్తుంది. కాచేకొద్దీ నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే, ఆ నూనెను 2018 జూలై 1 నుంచి వంటకు వాడకూడదు. కొలిచే పరికరం బండి మీద ఎక్కడుంటుంది? నల్లబడి, చిక్కబడి, నురగలొస్తే పక్కన పెట్టేయండి.

ఇన్ని ఖర్చులున్నా ధర పెంచలేక కొందరు బజ్జీ సైజు తగ్గిస్తారు. గిరాకీ మొదటి ప్లేటుకే పసిగడతాడు.