షల్ ఎవరికి, మే ఎవరికి

(ఫిల్మ్ నగర్‌లో పని చేసుకుంటూ కృష్ణానగర్‌లో అద్దెకుంటున్న మన ఏజెన్సీ యువత ఒక ఆదివారం కూర్చున్నప్పుడు నేను మాట్లాడింది ఇది. చదవడానికి వీలుగా కొంచెం సర్ది రాశాను. ఆ రోజు షూటింగ్ ఉండి రాలేకపోయిన మీకోసం.)



ముందే చెప్పేస్తున్నా, ఇవాళ నేను చెప్పబోయేది ఇంగ్లీషు గ్రామర్. లేచి వెళ్ళిపోకండి. ఈ గ్రామర్ తెలియక నేను మా ఊరి వాళ్ళ చేత తప్పుడు కాగితం మీద సంతకం పెట్టించబోయాను. డిగ్రీ చదివిన వాణ్ణి, ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చిన వాణ్ణి. అందుకే సిగ్గు విడిచి చెప్తున్నా.

రెండేళ్ళ కిందట మా ఊరి దండారి బృందానికి ఒక సినిమా నుంచి కబురొచ్చింది. పేరు చెప్పను, అవసరం లేదు. పాటలో గుస్సాడీ కావాలట. ఇరవై రెండు మంది, మూడు రోజులు, బేటా వేరు, భోజనం వాళ్ళదే. మా పెద్దనాన్న బృందానికి పెద్ద. ఆయనకు తోడుగా నేను ఫిల్మ్ నగర్ వచ్చాను. మేనేజర్ మంచిగానే మాట్లాడాడు, టీ తెప్పించాడు. నాలుగు పేజీల కాగితం ముందు పెట్టి, "మామూలు ఫార్మాటే తమ్ముడూ, ఇక్కడ అందరూ పెట్టేదే. సంతకం పెడితే అడ్వాన్స్ ఇప్పుడే ఇచ్చేస్తా" అన్నాడు.

పెద్దనాన్న నా వైపు చూశాడు. నేను చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

బృందం షల్ హాజరవ్వాలి అని ఉన్న చోట "మనం వస్తాం అని రాశారు" అన్నాను. కంపెనీ మే దుస్తులూ నగలూ వాయిద్యాలూ మార్చు అని ఉన్న చోట "మార్చొచ్చు అని ఉంది" అన్నాను. బ్యాలెన్స్ డబ్బు మే బి రిలీజ్డ్ అని ఉన్న చోట "పని అయ్యాక ఇవ్వొచ్చు అని ఉంది" అన్నాను.

పెద్దనాన్న తల ఊపాడు. "మార్చొచ్చు అంటే మార్చినా మార్చొచ్చు, మానినా మానొచ్చు. అప్పటికి చూద్దాంలే" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేను చెప్పిన తెలుగుకి అదే అర్థం.

ఆ రోజు సంతకం ఎందుకు పెట్టలేదంటే, ఊళ్ళో మిగతా వాళ్ళని ఒక మాట అడగాలని ఆయన పట్టుబట్టాడు కాబట్టి. నా తెలివి వల్ల కాదు. రాత్రి రూముకి వస్తే నా రూమ్మేట్, లా చదువుతున్నాడు, కాగితం తీసుకుని చూశాడు. రెండు పెన్నులు ఇచ్చాడు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. "షల్ కనబడిన చోట ఎర్ర గీత, మే కనబడిన చోట నీలం గీత కొట్టు. తర్వాత ఆ మాటకి ముందు ఎవరి పేరుందో చూడు" అన్నాడు.

గీశాను. బృందం పేరు పక్కన పంతొమ్మిది ఎర్ర గీతలు. కంపెనీ పేరు పక్కన ఒక్కటే ఎర్ర గీత, అది అడ్వాన్స్ గురించి. మిగతా పదకొండూ నీలమే. అంటే చెయ్యాల్సిందంతా మాది, ఇష్టమంతా వాళ్ళది. నాలుగు పేజీల్లో రాసింది అంతే.

మరి నేనెందుకు తప్పు చదివాను? దీన్ని గురించి చాలా ఆలోచించాను.

షల్ సంగతి చూడండి. మనకు స్కూల్లో ఏం చెప్పారు? ఐ, వి అయితే షల్. హి, షి, దే అయితే విల్. భవిష్యత్ కాలం. ఐ షల్ గో టు స్కూల్ అని వంద సార్లు రాశాం. అందుకని షల్ కనబడగానే మన బుర్రకి "రేపు" అని వినబడుతుంది. చట్టం కాగితంలో, అగ్రిమెంటులో షల్ అంటే రేపు కాదు. "చేసి తీరాలి" అని. చెయ్యకపోతే నువ్వు మాట తప్పినట్టు, వాళ్ళు నిన్ను పట్టుకోవచ్చు. ఇంగ్లీషు వాళ్ళకే దీంతో తంటా ఉంది. దక్షిణాఫ్రికా వాళ్ళు 1996లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఈ పాత షల్ పక్కన పెట్టి, బాధ్యత చెప్పాల్సిన చోట మస్ట్ అని రాసుకున్నారు. మామూలు మనిషికి అర్థం కావాలని. మన కాగితాల్లో మాత్రం షల్ ఇంకా కూర్చునే ఉంది.

మే సంగతి ఇంకా మోసం. తెలుగులో "వచ్చు" అంటే రెండు పనులు చేస్తుంది. "వాన పడొచ్చు" అంటే ఏమో, పడుతుందేమో. "మీరు లోపలికి రావొచ్చు" అంటే అనుమతి. ఇంగ్లీషు మే కూడా అచ్చం ఇలాగే రెండు పనులు చేస్తుంది. అగ్రిమెంటులో అది వాన పడొచ్చు లాంటి మే కాదు. కంపెనీకి హక్కు ఇస్తున్న మే. దుస్తులు మార్చే హక్కు వాళ్ళకుంది, మారిస్తే మీరు కాదనకూడదు అని దాని అర్థం. డబ్బు దగ్గరికి వస్తే అదే మే, ఇస్తే ఇస్తాం లేకపోతే లేదు అన్నట్టు నిలబడుతుంది. నేను "ఇవ్వొచ్చు" అన్నాను, పెద్దనాన్న "ఇస్తారులే" అనుకున్నాడు. నిజానికి ఇస్తామని ఎవరూ అనలేదు.

ఇక మన "ఆలి". చెయ్యాలి, రావాలి, కట్టాలి. దీన్ని మనం ఎన్నిటికి వాడతామో చూడండి. "పన్ను కట్టాలి" అంటే తప్పదు. "జ్వరం వస్తే నీళ్ళు బాగా తాగాలి" అంటే సలహా. "మా ఇంట్లో పెళ్ళి, మీరు తప్పక రావాలి" అంటే ప్రేమ. రాకపోతే కేసు పెట్టరు కదా. ఇంగ్లీషులో తప్పనిసరికి మస్ట్, షల్, హావ్ టు ఉన్నాయి. సలహాకి షుడ్ ఉంది. మనం అన్నిటినీ "ఆలి" అనే చదువుతాం. ఇన్సూరెన్స్ షుడ్ తీసుకోండి అని మీ కాగితంలో ఉంటే, అది ఉత్త సలహానా షరతా అని నోరు తెరిచి అడగండి. రేపు సెట్లో కాలు విరిగితే, "మేం చెప్పాం కదా, మీరే తీసుకోలేదు" అనడానికి ఆ షుడ్ పనికొస్తుంది.

ఒక్క చోట మాత్రం మన తెలుగు చాలా స్పష్టంగా ఉంది. "రాకూడదు" వేరు, "రానక్కర్లేదు" వేరు. చిన్న పిల్లవాడు కూడా తేడా చెప్తాడు. ఇంగ్లీషులో మస్ట్ నాట్ అంటే రాకూడదు, నీడ్ నాట్ అంటే రానక్కర్లేదు. మన తమ్ముడొకడికి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, తొమ్మిదికి ముందు నీడ్ నాట్ కమ్ అని. వాడు "రావద్దన్నారు, పని పోయింది" అనుకుని పడుకున్నాడు. తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి తిట్టారు. నవ్వకండి, ఒక రోజు కూలి పోయింది వాడికి.

మీలో చాలామంది జూబ్లీహిల్స్‌లో గేట్ల దగ్గర పని చేస్తున్నారు. విజిటర్స్ మస్ట్ సైన్ అని బోర్డు ఉంటుంది. ఆ మస్ట్ కారులో వచ్చిన వాళ్ళకి షుడ్ అవుతుంది, నడిచొచ్చిన వాళ్ళకి మస్ట్‌గానే ఉంటుంది. అది మీకు నేను చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నారు.

సినిమా కాగితం నుంచి పెద్ద కాగితానికి వస్తాను. ఎందుకంటే ఆ రాత్రి ఎర్ర పెన్నూ నీలం పెన్నూ చేతిలో ఉండగానే నాకు ఐదో షెడ్యూల్ గుర్తొచ్చింది. ఫోన్‌లో తీసి చదివాను. గవర్నర్ షెడ్యూల్డ్ ప్రాంతాల గురించి ప్రతి ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి, అక్కడ షల్ ఉంది. కానీ మనకు నష్టం చేసే చట్టాన్ని మన ప్రాంతంలో అమలు కాకుండా ఆపే అధికారం దగ్గర మే ఉంది. అంటే నివేదిక రాయడం బాధ్యత, కాపాడడం ఇష్టం. గిరిజన సలహా మండలి సంగతి ఇంకోటి. సలహా ఇవ్వడం దాని బాధ్యత అని ఉంది, కానీ గవర్నర్ ఏ విషయం అడిగితే ఆ విషయం మీద. అడగనిది చెప్పమని ఎక్కడా లేదు.

1996 పీసా చట్టం తీసుకోండి. మన భూమిని ప్రాజెక్టుకి తీసుకునే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ షల్ బి కన్సల్టెడ్. సంప్రదించి తీరాలి. చాలా సభల్లో మనవాళ్ళు దీన్ని "మన ఒప్పుకోలు లేకుండా తీసుకోలేరు" అని చెప్తారు. నేనూ చెప్పాను. కాగితం మీద ఉన్నది అది కాదు. అడగడం తప్పనిసరి అని ఉంది, వినడం తప్పనిసరి అని లేదు. అదే చట్టంలో చిన్న తరహా ఖనిజాల లీజు దగ్గర మాత్రం సిఫారసు ముందుగా ఉండి తీరాలని గట్టిగా రాశారు. ఒకే చట్టం, రెండు చోట్ల రెండు బలాలు.

ఇంకో సంగతి. షల్ అని రాసినంత మాత్రాన కోర్టు దాన్ని ప్రతిసారీ తప్పనిసరిగా చదువుతుందని కూడా లేదు. 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో, ప్రభుత్వ ఉద్యోగి మీద చర్య తీసుకునే ముందు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను షల్ బి కన్సల్టెడ్ అని రాజ్యాంగంలో ఉన్నా, అది పాటించనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొన్ని కేసుల్లో మే ని షల్ లాగా చదివింది. కాబట్టి మాట ఒక్కటే చాలదు. దాని వెనక ఎవరు నిలబడ్డారన్నదీ లెక్కే. మన పక్కనే ఒడిశాలో నియమగిరి చూడండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. ఆ ఏడాదే పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. అక్కడ డోంగ్రియా కోందులు తమ కొండ గురించి మస్టూ మే లేకుండా మాట్లాడారు.

మరి ఇదంతా ఇంగ్లీషులోనే ఎందుకు చదవాలి, తెలుగు అనువాదం చాలదా అని ఒక అక్క అడిగింది. చాలదు అక్కా. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు వేరేలా చెప్పేదాకా చట్టాలకి ప్రామాణిక పాఠం ఇంగ్లీషుదే. రాష్ట్రం తెలుగులో చట్టం చేసినా, దాని ఇంగ్లీషు అనువాదమే ప్రామాణికంగా నిలబడుతుంది. తెలుగులో "సంప్రదించవలెను" అని ఎంత అందంగా రాసినా తగాదా వస్తే తెరిచేది ఆ ఇంగ్లీషు పేజీనే. ఈ జూబ్లీహిల్స్‌లోనే మర్రి చెన్నారెడ్డి సంస్థలో అధికారులకి శిక్షణ ఇస్తారు, ఇక్కడే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, ఫీజు కట్టి మనం కూడా చదువుకునేది. రెండు గేట్లూ దగ్గర దగ్గరే. మొదటి గేటు లోపల షల్, మే ఎలా రాయాలో నేర్చుకుంటారు. మనం రెండో గేటు లోపల కనీసం చదవడమైనా నేర్చుకోవాలి.

సరే, మా కాగితం ఏమైంది అంటారు కదా.

మర్నాడు ఊరికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మళ్ళీ తెలుగులో చెప్పాను. ఈసారి సరిగ్గా. దుస్తులు మార్చే దగ్గర ఊళ్ళో గొడవయింది. గుస్సాడీ టోపీ, ఆ నెమలి ఈకలది, మాకు ఉత్త వేషం కాదు, దేవుడితో సమానం. దాన్ని ఇంకొకడు తన ఇష్టం వచ్చినట్టు మార్చే హక్కు మీద సంతకం ఎలా పెడతామన్నారు. డబ్బు సంగతి ఎవరూ ముందు ఎత్తలేదు. నేనే ఎత్తాల్సి వచ్చింది.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి రెండే మార్పులు అడిగాను. బ్యాలెన్స్ దగ్గర మే తీసేసి షల్ పెట్టండి, ఎన్ని రోజుల్లోనో కూడా రాయండి. దుస్తుల దగ్గర, బృందం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కంపెనీ షల్ నాట్ మార్చు అని రాయండి. ఆయన నవ్వాడు. "ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా తమ్ముడూ, అర్థం ఒకటే కదా" అన్నాడు. "అర్థం ఒకటే అయితే మార్చడానికి మీకేం ఇబ్బంది అన్నా?" అన్నాను. కొంచెంసేపు ఫోన్లు తిరిగాయి. డబ్బు దగ్గర మార్చారు, పదిహేను రోజులని రాశారు. దుస్తుల దగ్గర మార్చలేదు. డైరెక్టర్ గారి ఇష్టం, అది కుదరదన్నారు.

పెద్దనాన్న అప్పుడు ఒక మాటన్నాడు. "అయితే టోపీలు ఇంట్లోనే ఉంటాయి. గుమేల, పర్ర తెస్తాం, దండారి ఆడతాం. గుస్సాడీ రాడు." మేనేజర్‌కి అంతగా అర్థం కాలేదు, కానీ ఇరవై రెండు మందిని ఇంకెక్కడ వెతుకుతాడు, సరే అన్నాడు. మూడు రోజులు వెళ్ళారు, ఆడారు, వచ్చారు.

సినిమా విడుదలయ్యాక ఊరంతా వెళ్ళి చూశాం. మావాళ్ళు ఎక్కడా లేరు. కాగితం తీసి చూస్తే పన్నెండో షరతు, కంపెనీ మే ఆర్ మే నాట్ యూజ్ అని. నీలం పెన్నుతో నేనే గీశాను దాన్ని, పట్టించుకోలేదు.

డబ్బు మాత్రం పద్నాలుగో రోజు పడింది.